జామ్ ముందా, మీగడ ముందా?

2018 మార్చిలో ఇంగ్లండు నైరుతి కొసన ఉన్న కార్న్‌వాల్‌లో ఒక ఫొటో పెద్ద దుమారం లేపింది. అక్కడి లాన్‌హైడ్రాక్ అనే పాత జమీందారీ భవనం ఇప్పుడు చారిత్రక కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ చేతుల్లో ఉంది. మదర్స్ డేకి వచ్చే అతిథుల కోసం భవన నిర్వాహకులు ఫేస్‌బుక్‌లో ఒక ఆహ్వానం పెట్టారు. దాంతోపాటు పెట్టిన బొమ్మలో స్కోన్ అనే చిన్న మెత్తటి రొట్టె మీద ముందు మీగడ, ఆ పైన జామ్ ఉన్నాయి. కార్న్‌వాల్ వాళ్లకు అది తలకిందుల వ్యవహారం. ముందు జామ్, తర్వాతే మీగడ: అదీ వాళ్ల పద్ధతి. మీగడ ముందు రాసేది పొరుగున ఉన్న డెవన్ వాళ్లు. ట్రస్ట్ సభ్యత్వం వదులుకుంటామని కొందరు కోపంగా రాశారు. చివరికి నిర్వాహకులు క్షమాపణ చెప్పి, తప్పు చేసిన ఉద్యోగిని మందలించి టేమర్ నది దాటించామని సరదాగా ప్రకటించారు. ఆ నదే రెండు సీమలకూ పొలిమేర.

ఇంత రభసకు కారణమైన పళ్లెంలో ఉండేవి నాలుగే నాలుగు: రెండు స్కోన్లు, చిన్న గిన్నెలో స్ట్రాబెర్రీ జామ్, ఇంకో గిన్నెలో క్లాటెడ్ క్రీమ్, టీపాట్ నిండా వేడి టీ. దీన్ని క్రీమ్ టీ అంటారు. లండన్ పెద్ద హోటళ్లలో మూడంతస్తుల స్టాండు మీద శాండ్‌విచ్‌లు, కేకులు పేర్చి వడ్డించే ఆఫ్టర్‌నూన్ టీ వేరు. దానికి ముందుగా బల్ల రిజర్వు చేసుకోవాలి, జేబు కాస్త బరువుగా ఉండాలి. క్రీమ్ టీకి అవేవీ అక్కర్లేదు. సముద్రపు ఒడ్డున నడిచొచ్చి, బురద అంటిన బూట్లతోనే కూర్చుని తినొచ్చు. ఇంగ్లిష్ వాళ్ల టీ సరదా ఎక్కడుందో తెలియాలంటే హోటల్ స్టాండు కన్నా ఈ పళ్లెమే చూడాలి. ఇందులో అరుదైనది ఒక్కటీ లేదు. స్కోన్ ఆ పూట కాలినదై ఉండాలి, టీ పొగలు కక్కాలి, తినేవాళ్లకు ఓ అరగంట తీరిక ఉండాలి. అంతే.

క్లాటెడ్ క్రీమ్ గురించి కాస్త చెప్పుకోవాలి. మన పల్లెల్లో పిడకల దాలి మీద పాలకుండ పెట్టి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా సన్నని సెగన కాగనిస్తే పైన ఎర్రగా, మందంగా మీగడ కడుతుంది కదా, ఇది దానికి దగ్గరి చుట్టం. వెడల్పాటి పళ్లాల్లో మీగడను నెమ్మదిగా వేడి చేసి, కదిలించకుండా గంటల తరబడి చల్లారనిస్తారు. పైన బంగారు రంగు పొర కడుతుంది, కింద వెన్నకూ మీగడకూ మధ్యస్థంగా చిక్కటి ముద్ద మిగులుతుంది. అందులో కనీసం 55 శాతం పాల కొవ్వు ఉండాలి. ఆ పసుపు ఛాయ పశువులు మేసే పచ్చగడ్డిలోని కెరోటిన్ వల్ల వచ్చేది. వానలు, మెత్తటి చలికాలం, ఏడాదిలో ఎక్కువ భాగం పచ్చగా ఉండే మేత నేలలు... ఇవే ఆ సీమల అదృష్టం. కార్న్‌వాల్ పాలతో, కార్న్‌వాల్‌లోనే చేస్తే తప్ప దాన్ని కార్నిష్ క్లాటెడ్ క్రీమ్ అనకూడదని 1998లో యూరప్ చట్టబద్ధమైన రక్షణ ఇచ్చింది. 1890లో ఒక రైతు కుటుంబం మొదలుపెట్టిన రాడాస్ కంపెనీ నేటికీ అక్కడే ఆ మీగడ తయారు చేస్తోంది.

ఇంతకీ ఏది ముందు? మీగడ వెన్నలాంటిదే కాబట్టి రొట్టెకు ఆనుకుని ఉండాలన్నది డెవన్ వాదన. జామ్ కింద ఉంటే మీగడ కరిగిపోకుండా పైన నిండుగా నిలుస్తుందన్నది కార్న్‌వాల్ వాదన. రెంటిలోనూ వంటింటి తర్కం ఉంది. స్కోన్ పొయ్యి నుంచి అప్పుడే దిగితే కార్న్‌వాల్ మాట వినడం మంచిది, ఆ వేడికి మీగడ జారిపోతుంది మరి. చల్లారిన స్కోన్ అయితే డెవన్ పద్ధతే నయం.

స్కోన్ పుట్టిల్లు మాత్రం ఈ రెండూ కాదు, స్కాట్లండ్. గావిన్ డగ్లస్ అనే కవి 1513లో పూర్తి చేసిన స్కాట్స్ భాషా కావ్యంలో దాని పేరు కనిపిస్తుంది. అప్పట్లో అది ఓట్స్ లేదా బార్లీ పిండితో పెనం మీద కాల్చిన బల్లపరుపు రొట్టె. పొంగి మెత్తబడడానికి మూడు శతాబ్దాలు పట్టింది. ఆ మార్పుకు ఒక ఇంటి అవసరం కలిసొచ్చింది. బర్మింగ్‌హామ్‌లో మందుల తయారీ తెలిసిన ఆల్‌ఫ్రెడ్ బర్డ్ భార్యకు ఈస్ట్ పడేది కాదు. ఆమె కోసం ఆయన 1843లో ఈస్ట్ లేకుండానే పిండిని పొంగించే బేకింగ్ పౌడర్ తయారు చేశాడు. పిండి గంటల తరబడి పులియాల్సిన పని తప్పింది. చుట్టాలు గుమ్మంలోకి వచ్చాక మొదలుపెట్టినా, వాళ్లు కబుర్లలో పడేలోగా వేడి వేడి స్కోన్లు బల్ల మీదకు తేవచ్చు.

ఓవెన్ ఉన్న ఏ ఇంట్లోనైనా ఇది కుదిరే పనే. 225 గ్రాముల మైదా, మూడు టీ చెంచాల బేకింగ్ పౌడర్, చిటికెడు ఉప్పు, 55 గ్రాముల చల్లటి వెన్న, 25 గ్రాముల చక్కెర, 150 మిల్లీలీటర్ల పాలు. వెన్న ఫ్రిజ్ నుంచి అప్పుడే తీసినదై ఉండాలి. దాన్ని చిన్న ముక్కలు చేసి, పిండిలో వేసి వేళ్ల కొసలతోనే నలపాలి. అరచెయ్యి తగలనివ్వకూడదు, ఆ వేడికి వెన్న కరిగిపోతుంది. పిండి పొడిపొడిగా రవ్వలా మారాక చక్కెర, ఆ తర్వాత పాలు. ఇక్కడే చాలామందికి చెయ్యి ఆగదు. అలవాటు కొద్దీ చపాతీ పిండిలా పిసికేస్తారు. పిసికిన కొద్దీ మైదాలో సాగే గుణం పెరిగి స్కోన్ గట్టిపడుతుంది. అంతా ఒక ముద్దగా దగ్గర పడితే చాలు, పైన కాస్త గరుకుగా ఉన్నా ఫర్వాలేదు. అప్పడాల కర్రతో లాగకుండా చేత్తోనే రెండు సెంటీమీటర్ల మందాన ఒత్తి, పదునైన గుండ్రటి అచ్చుతో కొయ్యాలి. అచ్చును నిట్టనిలువుగా దించి నిట్టనిలువుగా తీయాలి. మెలి తిప్పితే అంచులు అతుక్కుపోయి స్కోన్ ఒక పక్కకు వాలుతుంది. పైన పాలు పూసి, 220 డిగ్రీల వేడిలో 12 నుంచి 15 నిమిషాలు ఉంచితే చాలు. లోపలి వెన్న రేణువులు కరిగిన చోట ఖాళీలు ఏర్పడతాయి, బేకింగ్ పౌడర్ నుంచి వచ్చే వాయువు వాటిని ఉబ్బిస్తుంది. బాగా కుదిరిన స్కోన్‌కు నడుము దగ్గర అడ్డంగా చిన్న పగులు వస్తుంది. అక్కడ రెండు చేతులతో విడదీస్తే కత్తితో పనే ఉండదు.

మర్నాటికి అదే స్కోన్ ఎండిపోతుంది. ఊరూరా టీ గదులు ఇన్నేళ్లుగా నిలబడడానికి ఇదీ ఒక కారణం. సూపర్‌మార్కెట్ పొట్లంలో ఆ రుచి రాదు. నేషనల్ ట్రస్ట్ చారిత్రక భవనాలన్నింటిలోనూ స్కోన్ తిని చూడాలని 2013లో ఒక మహిళ భర్తతో కలిసి బయల్దేరింది. ఆయన 2018లో క్యాన్సర్‌తో చనిపోయారు. ఆమె ఆ పని ఆపలేదు. మొత్తం 244 చోట్లు తిరిగి, 2023 మార్చిలో ఉత్తర ఐర్లండ్‌లోని జెయంట్స్ కాజ్‌వే దగ్గర ఆఖరి స్కోన్ తింది. ఈ పయనం మీద ఆమె రాసుకొచ్చిన విశేషాల పుణ్యమాని ట్రస్ట్ వంటవాళ్ల స్కోన్ పద్ధతులు ఒక పుస్తకంగా కూడా వచ్చాయి.

ఇప్పుడు టీ సంగతి. 1662లో రెండో చార్లెస్‌ను పెళ్లాడి వచ్చిన పోర్చుగీసు రాకుమారి కాథరిన్ ఆఫ్ బ్రగాంజా వల్ల రాణివాసంలో టీ తాగడం మర్యాదైంది. రెండేళ్లకు, 1664లో, ఈస్టిండియా కంపెనీ రాజుగారికి కానుకగా ఇచ్చిన టీ ఎంతో తెలుసా? రెండు పౌండ్ల రెండు ఔన్సులు, అంటే కిలోకు కాస్త తక్కువ. రాజుకు కానుకగా ఇవ్వదగ్గ సరుకన్నమాట. సామాన్యుడికి అందకుండా దాని మీద పన్ను కూడా పెరుగుతూ పోయింది. ఆ రోజుల్లో కార్న్‌వాల్ సముద్రతీరం దొంగసరుకు దింపుకునే పడవలకు పెట్టింది పేరు, వాటిలో బ్రాందీతో పాటు టీ పెట్టెలూ వచ్చేవి. 1784లో ప్రధాని విలియం పిట్ 119 శాతం ఉన్న పన్నును ఒక్క దెబ్బతో 12.5 శాతానికి దించాడు. దొంగరవాణాకు లాభం పోయింది, టీ మామూలు ఇళ్లలోకి వచ్చింది.

సాయంత్రపు టీతో పాటు తినడానికి ఏదో ఒకటి ఉండాలన్న ఆచారం మాత్రం 1840 ప్రాంతంలో మొదలైందంటారు. రాత్రి భోజనం ఎనిమిదింటికి జరిగిపోవడంతో మధ్యలో ఆకలికి ఆగలేక ఏడో బెడ్‌ఫర్డ్ డచెస్ అన్నా తన గదిలోకే టీ, బ్రెడ్డు, వెన్న తెప్పించుకునేదని చెబుతారు. 1842లో బీవర్ కోటలో ఆమె గదికి తనను గుట్టుగా పిలిచి టీ ఇచ్చారని నటి ఫానీ కెంబుల్ జ్ఞాపకాల్లో రాసుకుంది. అలా చాటుమాటుగా మొదలైన అలవాటు కొద్ది ఏళ్లలోనే డ్రాయింగ్ రూముల్లోకి వచ్చి, పెద్దింటి ఆడవాళ్ల సాయంత్రాలను ఆక్రమించింది.

కానీ డచెస్ కథ కన్నా టీ షాపుల కథ గొప్పది. పంతొమ్మిదో శతాబ్దపు లండన్‌లో మగతోడు లేకుండా ఒక ఆడమనిషి గౌరవంగా కూర్చుని ఏదైనా తినే చోటు దాదాపు లేదు. సారాయి దుకాణాలు మగవాళ్లవి, క్లబ్బులూ మగవాళ్లవే. 1864లో ఏరేటెడ్ బ్రెడ్ కంపెనీ తన రొట్టెల దుకాణంలో టీ పోయడం మొదలుపెట్టింది. 1894లో లయన్స్ కంపెనీ పికడిల్లీలో మొదటి టీ షాపు తెరిచింది. ఆఫీసు టైపిస్టులు, దుకాణాల్లో పనిచేసే అమ్మాయిలు, టీచర్లు ఓ కప్పు టీ ధరకు అక్కడ కూర్చునే హక్కు సంపాదించుకున్నారు. ఓటు హక్కు కోసం పోరాడిన మహిళలు సమావేశాలకు టీ గదులనే ఎంచుకునేవారు. గ్లాస్గోలో కేట్ క్రాన్‌స్టన్ అనే వ్యాపారవేత్త 1903లో తెరిచిన విల్లో టీ రూమ్స్‌కు ప్రసిద్ధ వాస్తుశిల్పి చార్లెస్ రెనీ మాకింటాష్ కుర్చీల నుంచి చెంచాల దాకా రూపం గీశాడు. ఆ భవనం మరమ్మతుల తర్వాత 2018లో మళ్లీ తెరుచుకుంది.

లయన్స్ టీ షాపులు వందల్లో పెరిగాయి. ఎక్కడ ఎన్ని బ్రెడ్లు, ఎన్ని కేకులు వెళ్లాయో, ఎంత రాబడి వచ్చిందో లెక్కగట్టడానికి గుమాస్తాల సైన్యమే కావాల్సి వచ్చేది. ఆ బాధ తీరడానికి కంపెనీ కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం సాయంతో సొంతంగా ఒక కంప్యూటర్ తయారు చేసుకుంది. దాని పేరు లియో. 1951 నవంబరులో అది బేకరీ లెక్కలు వేసింది. ప్రపంచంలో వ్యాపార అవసరాలకు పనిచేసిన తొలి కంప్యూటర్ అదే. హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు టీ బ్రేకులో చెప్పుకోదగ్గ సంగతి ఇది.

ఈ పళ్లెంలోకి వచ్చిన టీ వెనుక తెలుగువాళ్ల చెమట కూడా ఉంది. తొలి రోజుల్లో టీ అంతా చైనాదే. అస్సాం టీ మొదటిసారి లండన్ వేలానికి వచ్చింది 1839 జనవరిలో, అదీ ఎనిమిది పెట్టెలే. తర్వాత తోటలు విపరీతంగా పెరిగాయి. పనికి మనుషులు కావాలని కూలీల మేస్త్రీలు ఛోటానాగపూర్‌తో పాటు మద్రాసు రాజధానిలోని గంజాం, విశాఖపట్నం జిల్లాల దాకా వచ్చారు. కరువుతో, అప్పులతో నలిగిన కుటుంబాలు రైళ్లు, స్టీమర్లు ఎక్కి అస్సాం చేరాయి. ఒప్పందం మధ్యలో పారిపోతే పట్టుకునే అధికారం కూడా కొంతకాలం తోట యజమానులకే ఉండేది. ఆ కుటుంబాల వారసులు నేటికీ అస్సాం తోటల్లో ఉన్నారు. రెండాకులు, ఒక మొగ్గ చొప్పున చేత్తో గిల్లిన పచ్చి ఆకు నాలుగున్నర కిలోలైతే గానీ కిలో టీ కాదు. ఇంగ్లండు పల్లెల్లోని ప్రశాంతమైన సాయంత్రాల్ని వర్ణించే ఏ వ్యాసమైనా ఈ మాట చెప్పి తీరాలి.

పంచదార గిన్నె సంగతీ అంతే. కరీబియన్ దీవుల్లో బానిసల చేత పండించిన చెరకు చక్కెర మాకొద్దంటూ 1791 నుంచి ఇంగ్లండులో వేల కుటుంబాలు టీలో చక్కెర మానేశాయి. ఈ గిన్నెలోది ఈస్టిండియా చక్కెర, బానిసలు చేసింది కాదని రాసి ఉన్న గిన్నెలు 1820ల ప్రాంతంలో అమ్ముడయ్యేవి. ఇలాంటివి ఇప్పుడు మ్యూజియాల్లో ఉన్నాయి. టీ బల్ల మీద పెట్టుకున్న ఒక చిన్న వస్తువు ఇంటి యజమానురాలు ఏ పక్షమో వచ్చినవాళ్లందరికీ చెప్పేది.

టీ కానుకల చరిత్రంతా ఇలాంటి వస్తువులదే. టీ ప్రియంగా ఉన్న రోజుల్లో దాన్ని తాళం వేసే పెట్టెల్లో దాచేవారు. తాళంచెవి ఇంటావిడ దగ్గరే. ఆ పెట్టెలు వెండివీ, తాబేటి చిప్పవీ, చక్కటి నగిషీ పనివీ కావడంతో పెళ్లి కానుకలయ్యాయి. 1765లో షార్లెట్ రాణి జోసయ్య వెడ్జ్‌వుడ్ దగ్గర మీగడ రంగు టీ సెట్టు చేయించుకుంటే ఆయన దానికి క్వీన్స్ వేర్ అని పేరు పెట్టి జనానికి అమ్మాడు. రాణిగారి ఇంట్లో ఉన్నలాంటిదే మన ఇంట్లోనూ ఉందన్న సంతోషాన్ని అమ్మడం ఆయనకు తెలుసు.

వాటికన్నా బ్రౌన్ బెట్టీ అనే టీపాట్ ఎక్కువ ముచ్చటైనది. స్టాఫర్డ్‌షైర్ ఎర్రమట్టితో చేసి, ముదురు గోధుమ రంగు మెరుపు పూత పూసిన గుండ్రటి పాత్ర అది. లోపల ఆకు తిరగడానికి చోటుంటుంది, మట్టి వేడి నిలుపుతుంది, టీ మరకలు పైకి కనిపించవు. ధర తక్కువ, పని ఎక్కువ. స్టోక్ ఆన్ ట్రెంట్‌లో ఇప్పటికీ చేస్తున్నారు. దానికి తోడుగా ఊలుతో అల్లిన టోపీ, అదే టీ కోజీ. అమ్మమ్మలు అల్లి మనవరాళ్లకు ఇచ్చేవాటిలో ముందుండేది అదే.

విచిత్రమైన కానుకలకూ కొదవలేదు. 1902లో బర్మింగ్‌హామ్ తుపాకుల తయారీదారు ఫ్రాంక్ క్లార్క్ ఒక యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. అలారం మోగే వేళకు అగ్గిపుల్ల దానంతటదే గీసుకుని, స్పిరిట్ స్టవ్ అంటుకుని, నీళ్లు మరిగాక కెటిల్ వంగి టీపాట్లో పోసేది. పడక పక్కన మంట మండే యంత్రం పెట్టుకునే ధైర్యం ఎందరికుంటుంది? 1930ల్లో కరెంటుతో నడిచే టీస్‌మేడ్ వచ్చాకే అది ఇళ్లలోకి చేరింది, కొత్త దంపతులకు ఇష్టమైన కానుకైంది.

మన ఇళ్లలో పేరు మోగే బ్రూక్ బాండ్ 1869లో మాంచెస్టర్‌లో ఆర్థర్ బ్రూక్ తెరిచిన దుకాణంతో మొదలైంది. బాండ్ అనే భాగస్వామి ఎవరూ లేరు, పేరు నిండుగా వినిపిస్తుందని ఆయనే తగిలించుకున్నాడు. బ్రిటన్‌లో ఆ కంపెనీ 1954 నుంచి టీ పొట్లాల్లో పక్షుల, పూల, జంతువుల బొమ్మ కార్డులు పెట్టింది. వాటిని పోగుచేసి ఆల్బంలో అతికించడం ఒక తరం పిల్లలకు పెద్ద వ్యాపకం. అమ్మ ఎన్ని కప్పులు తాగితే అంత త్వరగా కొత్త కార్డు!

ఇవాళ లండన్, మాంచెస్టర్‌లలో చదువుకుని సెలవులకు వచ్చే తెలుగు పిల్లల సూట్‌కేసుల్లో టీ డబ్బాలు, బొమ్మలు అచ్చేసిన నార తువ్వాళ్లు తప్పక కనిపిస్తాయి. తిరుగు ప్రయాణంలో ఉస్మానియా బిస్కెట్ల పెట్టెలు అటు వెళ్తాయి. అక్కడి నుంచి తెచ్చిన డబ్బాలో ఆకు మాత్రం చాలాసార్లు అస్సాందో, డార్జిలింగ్‌దో, కెన్యాదో అయి ఉంటుంది. అక్కడ ఇంటింటా తెలిసిన టెట్లీ కంపెనీ కూడా 2000 సంవత్సరం నుంచి టాటాలదే.

కానుకగా ఇవ్వడానికి టీ కొనేవాళ్లు డబ్బా అందం కన్నా దాని వెనుక రాసింది చదవడం మేలు. తోట పేరు, ఏ కాలపు కోత, ఏ సంవత్సరపు ఆకు అన్నవి ఉంటే మంచిది. డార్జిలింగ్ అయితే టీ బోర్డు ముద్ర చూడాలి. 2004లో మన దేశంలో మొదటిగా భౌగోళిక గుర్తింపు పొందింది ఆ టీయే. ఇళ్లలో పాలతో మరిగించడానికి వాడే సన్నటి సీటీసీ పొడి వేరు, పొడవాటి ఆకు టీ వేరు. ఆకు టీని గిన్నెలో పాలతో కలిపి మరిగిస్తే దాని సువాసన పోతుంది. టీపాట్‌ను ముందు వేడినీళ్లతో కడిగి, మనిషికో చెంచా ఆకు వేసి, అప్పుడే మరిగిన నీళ్లు పోసి మూడు నుంచి ఐదు నిమిషాలు మూత పెట్టాలి. పాలు కావలసినవాళ్లు తర్వాత కలుపుకోవచ్చు. మూత తీసిన డబ్బాను మసాలాల అరలో పెట్టకూడదు, టీ ఆకు పక్కనున్న వాసనల్ని ఇట్టే పీల్చుకుంటుంది.